అప్‌డేట్: గర్భంతో ఉన్న చెల్లెలు, నొప్పి మాత్రల అలవాటు

కావలిలో ఉండే మా చెల్లెలు నడుమునొప్పికి మొదలుపెట్టిన ట్రమడాల్ అనే నల్లమందు తరహా నొప్పి మాత్రకు అలవాటు పడిందని, గర్భం నిలిచింది కాబట్టి వెంటనే మాన్పించాలా అని అడిగాను. స్పందించిన అందరికీ కృతజ్ఞతలు. "సొంతంగా ఆపవద్దు, నెల్లూరులో మానసిక వైద్యులకు చూపించండి" అన్న సలహాయే మమ్మల్ని గట్టెక్కించింది.

ఒక్కసారిగా మానేస్తే మళ్లీ వాడకంలోకి జారే ప్రమాదం ఎక్కువని చెప్పి డాక్టరుగారు దాని బదులు బ్యుప్రెనార్ఫిన్ (మానేసినప్పటి బాధలను, మళ్లీ వాడాలన్న కోరికను అదుపులో ఉంచే మందు) ఇచ్చారు. మాత్ర నాలుక కిందే కరగాలి, మింగకూడదు. నెలలు నిండేకొద్దీ మోతాదు పెంచారు. వ్యసనం ముదిరిందని కంగారుపడకండి, గర్భిణుల్లో అలా పెంచాల్సి రావడం మామూలేనట.

కాన్పుకు ముందే పిల్లల డాక్టరుకు అన్నీ చెప్పాం. కడుపులో అలవాటైన మందు పుట్టాక అందకపోవడంతో రెండో రోజు పాప చేతులు వణికాయి, కీచుగా ఏడ్చింది, ఒకటే తుమ్ములు. మసక వెలుతురు గదిలో తల్లి గుండెలకు ఆనించి చనుపాలు పడుతుంటే నెమ్మదించింది. ఈ లక్షణాలు తగ్గడానికి కొందరు పిల్లలకు మార్ఫిన్ మందు అవసరమవుతుంది, మా పాపకు కాలేదు. తల్లిపాలు మాన్పించి డబ్బాపాలు పట్టమన్న బంధువుల మాటను డాక్టర్లు కొట్టిపారేశారు. అవయవలోపం ఉంటుందేమోనన్న మా భయమూ నిజం కాలేదు.

ఇప్పుడు పాపకు నాలుగో నెల. మెడ నిలుపుతోంది, పలకరిస్తే నవ్వుతోంది. ఎదుగుదల పరీక్షలకు తీసుకెళ్తున్నాం. కాన్పు తర్వాతి నెలల్లోనే మళ్లీ వాడకంలోకి జారే ముప్పు ఎక్కువ కనుక చెల్లెలు మందు కొనసాగిస్తోంది.