బీచ్ రోడ్డు పచ్చదనం ఖర్చు ఎవరిది? కంపెనీలదా, కార్పొరేషన్‌దా?

సీతమ్మధార సుబ్బు:
విశాఖలో పెద్ద కార్యక్రమం ఏది పెట్టినా ముందు దిగేవి పూలకుండీలు. 2016 ఫిబ్రవరిలో నౌకాదళ సమీక్ష, 2023 మార్చిలో పెట్టుబడుల సదస్సు, ఆ నెలాఖర్లోనే జీ-20 సమావేశం, 2025 జూన్ 21న యోగా దినోత్సవం. ప్రతిసారీ బీచ్ రోడ్డుకి పెళ్లికళ వచ్చేస్తుంది. అతిథులు విమానం ఎక్కాక ఆ మొక్కల్ని పట్టించుకునే నాథుడుండడు.

మన కార్పొరేషన్ జీవీఎంసీ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదిది. డివైడర్లని కిలోమీటర్ల చొప్పున కంపెనీలకి దత్తత ఇచ్చేయాలి. పోర్టు ఉంది, రిఫైనరీ ఉంది, స్టీల్‌ప్లాంటు ఉంది, పరవాడలో ఫార్మా కంపెనీలున్నాయి. పేరు రాసుకున్న బోర్డు పెట్టుకుంటామంటే పెట్టుకోనివ్వండి, మనకేం పోయింది? ఇంటి పన్ను కట్టేవాడి మీద మాత్రం ఇంకో రూపాయి వేయొద్దు. 2021 నుంచి ఆస్తి విలువని బట్టి పన్ను వేస్తూ ఏటా 15 శాతం దాకా పెంచుకునే వీలు పెట్టుకున్నారు. అది చాలదా?

మద్దిలపాలెం మాస్టారు:
సుబ్బు గారూ, మీ మనసులో ఉన్నది సీఎస్ఆర్ డబ్బు, అంటే కంపెనీలు సమాజ సేవకి పెట్టాల్సిన వాటా. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం అది. అంటే లాభం ఉండాలి. స్టీల్‌ప్లాంటుని నిలబెట్టడానికి 2025 జనవరిలో కేంద్రమే 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాల్సి వచ్చింది. దాన్ని పట్టుకుని గన్నేరు మొక్కలకి నీళ్లు పోయమంటారా?

ఇంకో చిక్కుంది. 2021 జనవరిలో సవరించిన నిబంధనల ప్రకారం, తమ సరుకుకో సేవకో ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్పు సీఎస్ఆర్ కిందికి రాదు. డివైడర్ పొడుగునా బోర్డులు పాతి, మధ్యలో నాలుగు మొక్కలు పెంచితే అది సేవ కాదు, ప్రకటన. ప్రకటన అయితే రేటు కట్టి వసూలు చేయాలి కదా? సముద్రం ఎదురుగా, పొద్దస్తమానం జనం తిరిగే చోట హోర్డింగ్ జాగాకి అద్దె ఎంత పలుకుతుందో ఎవరినైనా అడగండి. దాన్ని ఊరికే ఇచ్చేసి పైగా మనమే దణ్ణం పెడుతున్నాం.

అసలే 2017లో జీఎస్‌టీ వచ్చాక ప్రకటనల మీద పన్ను వేసే అధికారం కార్పొరేషన్ల చేతిలోంచి పోయింది. మిగిలింది లైసెన్సు ఫీజు, జాగా అద్దె. అవీ వదిలేసుకుంటే చివరికి వచ్చి పడేది మీరు వద్దంటున్న ఇంటి పన్ను మీదే.

గాజువాక గణేశ్:
మొక్కల పన్ను అని మాత్రం అనకండి మాస్టారూ. చెత్త పన్ను సంగతి చూశాం కదా. 2021లో మొదలెట్టారు, ఊరూరా తిట్లు తిన్నారు, 2024 డిసెంబరు ఆఖరుకి ఎత్తేశారు.

కడియపులంక నర్సరీ:
మాది తూర్పుగోదావరి. మీ ఊరికీ మొక్కల లోడు వచ్చేది మా కడియం వైపు నుంచే కాబట్టి నాదీ ఒక మాట.

డబ్బు ఎవరిదైనా టెండర్ రాసే తీరు మారకపోతే ఇంతే. బిల్లుకి కొలత నాటిన రోజున తీస్తారు: ఇన్ని మొక్కలు, ఇంత ఎత్తు. అందుకే కాంట్రాక్టరు వచ్చి "ఎల్లుండికి పచ్చగా కనబడాలి బాబాయ్" అంటాడు. కోనోకార్పస్ అంతగా అమ్ముడుపోయింది ఇందుకే. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, ఎండకి ఆగుతుంది, చూస్తుండగానే గుబురుగా లేస్తుంది. తర్వాత దాని వేళ్లు డ్రైనేజీ పైపుల్లో దూరుతున్నాయని, పుప్పొడితో ఎలర్జీలొస్తున్నాయని గొడవైంది. గుజరాత్ 2023లో నిషేధించింది, తెలంగాణలోనూ నాటొద్దన్నారు.

మొన్న వైజాగ్ వచ్చినప్పుడు డివైడర్ మీద ఎండిపోయిన మొక్కనొకదాన్ని పట్టుకుని లాగితే సులువుగా చేతిలోకి వచ్చేసింది. నల్ల కవరు విప్పకుండానే పాతేశారు. వేళ్లు కవరు లోపలే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. కింద జానెడు ఎర్రమట్టి, ఆ కింద రోడ్డు వేసినప్పటి కంకర, సిమెంటు పెళ్లలు. ఆ మొక్కకి కంపెనీ నీళ్లు పోసినా ఒకటే, కార్పొరేషన్ పోసినా ఒకటే.

పైగా అది సముద్రపు ఒడ్డు. ఉప్పుగాలికి లాన్ గడ్డి, డురాంటా మాడిపోతాయి. గంగరావి, పొన్న, కానుగ పెట్టించండి. మొదటి రెండు మూడేళ్లు నీళ్లు అందితే తర్వాత వాటి బతుకు అవే బతుకుతాయి. కాకపోతే మెల్లగా పెరుగుతాయి, నాటిన వారానికి ఫోటోకి పనికిరావు. మాకూ పెద్ద లాభం లేదనుకోండి, ఒకసారి కొన్నవాడు మళ్లీ రాడు!

ఎంవీపీ లలిత:
అందరూ డివైడర్ దగ్గరే ఆగిపోయారు. డివైడర్ మీది చెట్టు నీడ ఎవరి మీద పడుతుంది? ఏసీ కారు మీద. మే నెల మధ్యాహ్నం బస్టాపులో నిలబడేవాళ్ల సంగతేంటి? డబ్బు ఎవరిదైనా ముందు ఫుట్‌పాత్ అంచున ఖర్చు పెట్టమనండి.

2014 అక్టోబరు 12 హుద్‌హుద్‌ని ఎవరూ మర్చిపోలేదు. పడిపోయిన చెట్ల స్థానంలో త్వరగా పెరుగుతుందని ఏడాకుల పాల మొక్కల్ని వీధి వీధినా నాటారు. ఇప్పుడు అక్టోబరు, నవంబరులో అవి పూశాయంటే మా అమ్మకి ఆయాసం, సాయంత్రమయ్యేసరికి కిటికీలన్నీ మూయిస్తుంది. కొట్టేయాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. అయినా ఎదిగిన చెట్టుని కొట్టేయమనడానికి నాకు నోరు రాదు. పూతకి ముందే కొమ్మలు కత్తిరిస్తే చాలు. ఆ కత్తిరించే మనిషి కూలి ఏ పద్దులోంచి ఇస్తారో చెప్పండి. నాటడం మీద ఇంత మాట్లాడతారు, దీని మీద ఎవరూ మాట్లాడరు.

సీతమ్మధార సుబ్బు:
లలిత గారూ, నీడ మాట నిజమే గానీ, బీచ్ రోడ్డు మీద హోటళ్ల నుంచి మొక్కజొన్న పొత్తుల బండి దాకా అందరూ టూరిస్టుల మీద బతుకుతున్నారు. అది అందంగా ఉండాల్సిందే. మాస్టారు కంపెనీ వద్దంటారు, గణేశ్ పన్ను వద్దంటాడు. మరి సింహాచలం హుండీలోంచి తెద్దామా? కేంద్రం గాలి శుద్ధికని ఇచ్చే నిధులున్నాయిగా, అవి వాడొచ్చు కదా.

మద్దిలపాలెం మాస్టారు:
వాడొచ్చు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో మన ఊరూ ఉంది. కానీ అవి గడువున్న నిధులు. వాటితో కంకర తవ్వించి మట్టి మార్పించొచ్చు, డ్రిప్ పైపులు వేయించొచ్చు, మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి నీళ్లు తెచ్చే ఏర్పాటు చేయొచ్చు. మాలీకి మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖున జీతం ఇవ్వాలి, గడువున్న డబ్బుతో ఎన్నాళ్లిస్తారు?

కొత్త పన్ను అక్కర్లేదు గణేశ్. ఏ రోడ్డు మీద ప్రకటనల ఫీజు వస్తే అందులో ఇంత వాటా అని ఆ రోడ్డు చెట్లకే విడిగా పద్దు పెట్టాలి, దాన్ని వేరే ఖర్చుకి ముట్టకూడదు. నాటడం, మూడేళ్ల పోషణ ఒకే టెండర్‌లో ఉండాలి. సగం డబ్బు బతికిన మొక్కల లెక్క మీద ఇవ్వాలి. హైదరాబాదులో 2020లో అక్కడి కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) చట్టం సవరించి, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని, నాటినవాటిలో 85 శాతం బతకాలని రాసుకున్నారు.

గాజువాక గణేశ్:
10 శాతమా! మా వీధిలో వానొస్తే కాలవ రోడ్డెక్కుతుంది, ముందు దాని సంగతి చూడమనండి సార్. ప్రకటనల ఫీజులో వాటా అంటే సరే, ఒప్పుకుంటా. మొత్తం బడ్జెట్‌లో వాటా అంటే మాత్రం ఒప్పుకోను.

కడియపులంక నర్సరీ:
బతికిన లెక్క మీద డబ్బంటే కాంట్రాక్టర్లు రేటు పెంచి వేస్తారు మాస్టారూ. ఆవు తినేసినా, లారీ గుద్దేసినా నష్టం వాళ్లదే కాబట్టి. అయినా ఏటా చచ్చినవాటి చోట మళ్లీ కొనడం కంటే చవకే. అసలు సంగతి లెక్క ఎవరు తీస్తారన్నది. బిల్లు రాసే ఇంజనీరే లెక్కపెడితే చచ్చిన మొక్కలు కూడా కాగితం మీద చిగురిస్తాయి.

ఎంవీపీ లలిత:
లెక్క మేం తీస్తాం. తెల్లారగట్ల బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్లం ఎలాగూ ఉన్నాం. ప్రతి చెట్టుకీ ఒక నంబరు వేయించండి చాలు.

సీతమ్మధార సుబ్బు:
బోర్డు వద్దంటే ఏ కంపెనీ ముందుకు రాదు, నేనిప్పటికీ అదే అంటాను. సరే, పందెం. తెన్నేటి పార్కు దగ్గర ఒక కిలోమీటరు కంపెనీకి ఇమ్మనండి, రుషికొండ వైపు ఒక కిలోమీటరు మాస్టారి పద్ధతిలో పెట్టమనండి. మూడు వేసవులు గడిచాక లలిత గారు లెక్క చెబుతారు.

మద్దిలపాలెం మాస్టారు:
సిద్ధం. రెండు షరతులు. మీ కిలోమీటరు వైపు కార్పొరేషన్ ట్యాంకర్ తొంగి చూడకూడదు. ఆ బోర్డుకి కంపెనీ ఎంత ఫీజు కట్టిందో ఆ బోర్డు మీదే పెద్దక్షరాలతో రాయాలి.