భీమిలి తీరంలో పాలీహౌస్: షీటు పైపుల దగ్గరే చిరుగుతోంది

ప్రశ్న: తాతగారి నాటి నర్సరీ అండి. పాలీహౌస్ (పైపుల ఫ్రేముపై ప్లాస్టిక్ షీటు కప్పిన మొక్కల పందిరి) షీటు పైపుకి ఆనేచోటే చిరుగుతోంది. మందం పెంచాలా?

జవాబు: అక్కర్లేదండీ, 200 మైక్రాన్ల యూవీ షీటు (ఎండని తట్టుకునేది) చాలు. ఎండకి పైపు కాలి, ఆనినచోట ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. పైపుల పైభాగానికి తెల్లరంగు వేయండి. మేకులు వద్దే వద్దు. అల్యూమినియం పట్టీలో జిగ్‌జాగ్ స్ప్రింగుతో, గాలిలేని ఉదయంపూట బిగించండి. వదులుగా ఉన్న షీటు కొట్టుకుని చిరుగుతుంది.

ఇంకో జవాబు: ఉప్పుగాలికి వెల్డింగు అతుకులే ముందు తుప్పుపడతాయి. గీకి, జింక్ పెయింటు రెండు పూతలు వేయండి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న తాకింది, తుపాన్ల నెలల్లో ఏమరుపాటు పనికిరాదు. హెచ్చరిక రాగానే షీటు విప్పి చుట్టేయండి. గాలి లోపల దూరితే ఫ్రేమే లేచిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: షేడ్‌నెట్ (నీడకి కట్టే వల) కూడా తీసేయాలా?

జవాబు: తప్పకుండా. తడిస్తే బరువెక్కి తీగల్ని లాగేస్తుంది.