శ్రీకాకుళం, విజయనగరంలో బస్సుకీ రైలుకీ ఒకే కార్డు: ఎక్కడ చిక్కుకుంటుంది?

నాగావళి_గట్టు
శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది ఆముదాలవలసలో. రైలు దిగాక ఊళ్లోకి రావాలంటే మళ్ళీ బస్సో ఆటోనో ఎక్కాల్సిందే. ఒక ప్రయాణానికి రెండు టికెట్లు, రెండుసార్లు చిల్లర గొడవ. దేశమంతా బస్సుకీ మెట్రోకీ ఒకటే పనిచెయ్యాలని తెచ్చిన ఎన్‌సీఎంసీ (నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు) 2019 మార్చిలోనే వచ్చింది కదా, అన్నిటికీ అదే పెడితే అడ్డేమిటి? కార్డు గొప్పలు వద్దు, పని ఎక్కడ ఆగుతుందో రాయండి.

టిమ్ము_రోలు
ముందు ఒకటి తేల్చండి మాస్టారూ: కార్డు డబ్బు సంచా, టికెట్టా? మెట్రోలో గేట్లుంటాయి కాబట్టి కార్డే టికెట్టు. పల్లెవెలుగుకి గేటేదీ? చార్జీ స్టేజీల లెక్క. ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి ట్యాప్ చెయ్యాలంటే, రణస్థలంలో దిగుతూ ట్యాప్ మరిచినవాడికి విజయనగరం దాకా కోత పడుతుంది. మర్నాడు తగువంతా కండక్టర్‌తోనే.

ఇక్కడ నడిచే పద్ధతి ఒకటే. కండక్టర్ టిమ్‌లో (చేతిలో ఉండే టికెట్ల యంత్రంలో) స్టేజీ కొడతాడు, ప్రయాణికుడు ఒక్కసారి కార్డు ఆనిస్తాడు, చీటీ వస్తుంది. హాంకాంగ్ ఆక్టోపస్ కార్డు 0.3 సెకన్లలో పని ముగిస్తుందని చెబుతారు. గేటు దగ్గర అది గొప్పే. కండక్టరే సీటు దగ్గరికొచ్చే బస్సులో రెండు సెకన్లయినా నష్టం లేదు.

ప్యాసింజర్_బండి
రైలు సంగతీ అంతే. మన స్టేషన్లలో గేట్లు లేవు, దిగినట్టు రుజువుండదు. స్టేషన్లో మనమే టికెట్టు తీసుకునే ఏటీవీఎం యంత్రానికి రైల్వే స్మార్ట్‌కార్డు ఉంది గానీ అది బస్సులో పనికిరాదు. కాబట్టి రైలుకి కార్డుతో టికెట్టు కొనడం వరకే పెట్టుకోవాలి.

చంపావతి
అన్నిటికన్నా ఎక్కువ ఫిర్యాదులు రీఛార్జ్ మీద వస్తాయి. "డబ్బు కట్టాను, కార్డులో లేదు" అంటారు. ఎన్‌సీఎంసీలో బస్సు చార్జీ పోయేది చిప్‌లో రాసి ఉన్న సొమ్ములోంచి. ఆ సొమ్ముకి 2,000 రూపాయల పరిమితి. ఫోన్‌లో కట్టిన డబ్బు ముందు బ్యాంకు సర్వర్‌కి చేరుతుంది. కార్డుని ఒక యంత్రానికి ఆనించి "బ్యాలెన్స్ అప్‌డేట్" చేస్తేనే చిప్‌లోకి దిగుతుంది. అది సిగ్నల్ ఉన్నచోటే అవుతుంది. బస్సు కదిలాక సిగ్నల్ పోతే డబ్బు సర్వర్‌లో, మనిషి బస్సులో. అందుకని కాంప్లెక్స్ కౌంటర్‌లోనూ స్టేషన్ బయటా అప్‌డేట్ యంత్రాలు పెట్టకుండా ఒక్క కార్డు కూడా అమ్మకూడదు.

ఇంకోటి, పర్సు పర్సంతా ఆనిస్తే లోపలి ఏటీఎం కార్డు కూడా పలుకుతుంది. బయటికి తీసి ఒక్కటే ఆనించాలి. బీప్ రాకముందే లాగేస్తే చిప్‌లో కోత పడి యంత్రంలో నమోదు కాకపోవచ్చు. అప్పుడు కండక్టర్ కొత్త టికెట్టు కొడితే రెండుసార్లు పోతుంది. అదే కార్డు మళ్ళీ ఆనించమని యంత్రం అడగాలి, పాత కోత ఉందో లేదో చూశాకే ముందుకెళ్ళాలి. టెండర్‌లో ఈ షరతు లేకపోతే తరవాత ఎవరూ రాసివ్వరు.

టిమ్ము_రోలు
రాత్రి డిపోలో జమ దగ్గర ఇంకో మెలిక. కండక్టర్ కట్టాల్సిన నగదు = మొత్తం టికెట్ల సొమ్ము − కార్డు టికెట్లు + రీఛార్జ్ కింద తీసుకున్న నగదు. ఈ మూడూ టిమ్‌లో వేరు పద్దులుగా లేకపోతే తేడా కండక్టర్ మెడకే చుట్టుకుంటుంది.

ఆఫ్‌లైన్ కోతలు యంత్రంలోనే ఉంటాయి. డిపోకి చేరకముందే యంత్రం పాడైతే ప్రయాణికుడికి డబ్బు పోయినట్టే, ఆర్టీసీకి రానట్టే. ప్రతి నమోదులో యంత్రం నంబరు, ట్రిప్పు, స్టేజీ, వరుస సంఖ్య ఉండాలి. 41 తరవాత 43 వస్తే 42 పోయిందని వెంటనే తెలుస్తుంది. పోయిన కార్డుల జాబితా కూడా డ్యూటీ ఎక్కేముందు డిపోలోనే ఎక్కించాలి.

పలాస_పప్పు
మరి పంపకం ఏటి? ఆడోళ్ళకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో జీరో టికెట్ కదా. బస్సుకీ రైలుకీ కలిపి ఒక చార్జీ కోసి 60–40 అని పంచుకుంటే, ఉచిత ప్రయాణంలో దేన్ని పంచుతారు?

చంపావతి
మంచి పాయింటు బాబూ. శాతాల పంపకం అందుకే వద్దు. ఏ బండి చార్జీ ఆ బండి ఖాతాకి, విడివిడిగా. జీరో టికెట్ కూడా కొట్టాల్సిందే, లేకపోతే ప్రభుత్వం దగ్గర రాబట్టే లెక్క తగ్గిపోతుంది. కార్డు ఉన్నంత మాత్రాన ఆంధ్రావాళ్ళని రుజువు కాదు, గుర్తింపు కార్డు చూపించాలి. బండి మారినందుకు రాయితీ ఇస్తే ఆ రాయితీ ఎవరు భరిస్తారో ముందే సంతకాలు కావాలి. ఇలాంటి పథకాలు మామూలుగా ఆగేది ఇక్కడే. యంత్రాలు కొనడం తేలికే.

పలాస_పప్పు
షేర్ ఆటో ఏటి సేద్దాం?

టిమ్ము_రోలు
వాళ్ళకి డిపో లేదు, జమ లేదు, పద్దు లేదు. యూపీఐ క్యూఆర్ ఉంది, దాన్నే ఉండనీ. పాతపట్నం నుంచి ఒడిశాలోని పర్లాకిమిడి వెళ్ళే బస్సులు అంతకన్నా చిక్కు. రెండు రాష్ట్రాల సంస్థలు, రెండు చార్జీ పట్టికలు, సరిహద్దు స్టేజీ ఎక్కడో ఇద్దరి యంత్రాల్లోనూ ఒకేలా రాసి ఉండాలి. మొదట ఆముదాలవలస–శ్రీకాకుళం ముక్క ఒక్కటీ మొదలెట్టమనండి.

నాగావళి_గట్టు
ఆ ముక్కలో అప్‌డేట్ యంత్రం ఎక్కడ పెడితే బాగుంటుంది, ప్లాట్‌ఫాం మీదా, బయట బస్సు ఆగే చోటా?

ప్యాసింజర్_బండి
బయటే. లోపల పెడితే కరెంటు నుంచి మరమ్మతు దాకా అన్నిటికీ రైల్వే అనుమతి కావాలి.