నొడివితినా, నుడివితినా?

తెల్లకాగితం:
ఒక పాదం మూడు రోజులుగా బుర్ర తినేస్తోంది. పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటికి కూర్చుని ఒక నవల రాసుకుంటున్నాను. అచ్చు వేయించే ఆలోచన లేదు, సరదాకే. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లల కథ, ఆ వయసు వాళ్ళే చదవాలని. చందమామ వదిలేశాక మేమంతా నేరుగా వారపత్రికల సీరియల్స్‌లో పడ్డాం, మధ్యలో చదవడానికి ఏమీ ఉండేది కాదు. ఆ ఖాళీలోకి ఏదో ఒకటి రాద్దామని.

అందులో ఒక సీను. తెలుగు మాస్టారు వెనక బెంచీ కుర్రాణ్ణి లేపి శ్రీనాథుడి సీసం అప్పజెప్పమంటారు. వాడు రెండో పాదం చివర ఆగిపోతాడు. వాడితో పాటు నేనూ ఆగిపోయాను. "నూనూగు మీసాల నూత్న యౌవనమున శాలివాహన సప్తశతి..." తర్వాత నొడివితినా, నుడివితినా? మా తాతయ్య నుడివితి అనేవారు.

ఇంకో సందేహం. పక్క వరసలో కూర్చునే అమ్మాయిదీ అదే వయసు. వాడికైతే నూనూగు మీసాలు అనేస్తాను. ఆ పిల్లకి ఏమనాలి? టీనేజ్ అని రాయబుద్ధి కావట్లేదు.

అరసున్న:
నొడివితి. కాశీఖండం అవతారిక, అంటే ముందుమాట పద్యాల్లోది. మా ఇంట్లో అట్ట ఊడిన పాత ప్రతిలో అలాగే ఉంది. ఇందులో చర్చేముంది?

ఊరపిచ్చుక:
మేం నుడివితి అనే బట్టీ పట్టాం. మార్కులు కూడా పడ్డాయి.

అరసున్న:
మార్కులు వేసినాయనా బట్టీ పట్టినాయనే అయి ఉంటాడు.

గణవిభజన:
కొట్టుకోవడం ఎందుకు, విడగొట్టి చూద్దాం. శాలివా, హనసప్త, శతినొ, డివితి. గణాలు ర, సల, న, న. "నొ" తీసేసి "ను" పెట్టినా లఘువు లఘువే. యతి, అంటే పాదం మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి, శా, శ దగ్గరే తీరిపోయింది. ఛందస్సు ఇక్కడ సాయానికి రాదు. ఆ మాటకొస్తే "పలికితి" అన్నా నప్పుతుంది.

"నూగునూగు మీసాల" అని పాడేవాళ్ళున్నారే, తప్పంటే అదీ తప్పు. "నూగునూ" వరకూ బాగానే ఉంటుంది, తర్వాత "గుమీసా" యగణమై కూర్చుంటుంది. సీసంలో దానికి చోటెక్కడిది?

బళ్ళారి బావ:
కన్నడంలో నుడి అంటే మాట. నుడిగట్టు అంటే నుడికారం. "నా కవిత్వంబు నిజము కర్ణాట భాష" అని ఆయనే చెప్పుకున్నాడు. కాబట్టి నుడివితి. కేసు కొట్టేశాం.

అరసున్న:
బావగారూ, ఆ కర్ణాట భాష పేచీ ఇక్కడ తెరవకండి, తెల్లారిపోతుంది. తమిళంలో నొడి అన్నా చెప్పడమే. పొరుగింటి సాక్ష్యం కావాలంటే ఎడమింటివాళ్ళు ఒకటి చెప్తారు, కుడింటివాళ్ళు ఇంకోటి చెప్తారు.

చేతివ్రాత:
అక్షరం సంగతి అలా ఉంచి, ఏ వయసులో ఏ కావ్యం రాశాడో ఆయన చెప్పుకున్న ఈ సీసంలో క్రియలు వరసగా చూడండి. చిరుత కూకటి నాడు మరుత్తరాట్చరిత్ర "రచియించితి". మీసాలు మొలిచేటప్పుడు సప్తశతి "నొడివితి". నిండు జవ్వనంలో నైషధం "సంతరించితి". వయసు పండాక భీమనాయకుని మహిమ "కొనియాడితి". ఇప్పుడు కాశీఖండం "తెనుగు జేసెద". ఐదింటికి ఐదు క్రియలు. ఆ సప్తశతికి మూలమైన హాలుడి ప్రాకృత గాథలంటే ఏమిటి? పల్లెటూళ్ళు, పొలాలు, దొంగచూపులు, అలకలు. నాలుగు ముక్కల్లో అనేసి పారిపోయే పద్యాలు. ఆ వయసులో ఎవరైనా నొడువుతారు గానీ కూర్చుని సంతరిస్తారా? అక్కా, నీ నవలకి ఇంతకన్నా ఏం కావాలి?

గణవిభజన:
అందంగానే ఉంది. కానీ రాట్చరిత్రకి యతి కుదరాలంటే "ర" కావాలి, రచియించితి వచ్చింది. జవ్వనంలో "జ"కి "సం" పొసగుతుంది, సంతరించితి వచ్చింది. కొనియాడితిలో "యా"కి నాయకునిలో "య". ఆయన వయసు చూసి వెయ్యలేదండీ క్రియలు, యతి చూసి వేశాడు.

చేతివ్రాత:
ఒప్పుకున్నాను. మరి నొడివితికి ఏ యతి అడ్డొచ్చింది? పాదం చివర ఉంది. పలికితి కూడా నప్పుతుందని మీరే అన్నారు. మిగతా చోట్లంతా చేతులు కట్టేసి, ఒక్కచోట విప్పితే ఆ మనిషి పట్టుకున్న మాట అది.

గణవిభజన:
... ఆలోచించాలి.

ఊరపిచ్చుక:
మాస్టారు మూడు చుక్కలు పెట్టడం ఇదే మొదటిసారి. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

పోతన పక్షం:
వారం వారం శ్రీనాథుడేనా? మా ఆయనకి ఐదు క్రియలు అక్కర్లేదు. "పలికెడిది భాగవతమట" పద్యంలో పలుకు అనే ఒక్క క్రియనే ఐదుసార్లు తిప్పాడు. పైగా "వేరొండు గాథ పలుకగ నేల" అన్నాడు. గాథ! ఇది సప్తశతికి తగిలించిన చురకేనని నా అనుమానం.

అరసున్న:
అనుమానమే. నిద్రపోండి.

తెల్లకాగితం:
అమ్మాయి సంగతి?

అరసున్న:
అన్నట్టు నూనూగులో మొదటి నూ ఏమిటో ఎవరూ అడగలేదు. నును, నూగు కలిసిందని నా నమ్మకం. మెత్తటి నూగు.

ఊరపిచ్చుక:
నాకైతే నూగు రెండుసార్లు అన్నట్టే వినిపిస్తుంది. పగలు పగలు పట్టపగలు కాలేదూ, అలాగే మొదటిది కుదించుకుపోయింది. మా చిత్తూరు వైపు నువ్వుల్నే నూగులంటాం. జొన్న కంకులు కొట్టేటప్పుడు మెడకి అంటుకుని దురదపెట్టేదీ నూగే. ఆ వయసు మీసమూ అంతే, గీరుకుంటూనే ఉంటాడు.

బళ్ళారి బావ:
అమ్మాయికి ముగ్ధ అనొచ్చుగా.

తెల్లకాగితం:
ఆ పిల్ల బస్సులో ఫిజిక్స్ సూత్రాలు అరచేతి మీద రాసుకుంటూ వస్తుంది బావగారూ. ముగ్ధ అంటే అరచెయ్యి కడిగేసి తామరపువ్వు పెట్టినట్టుంటుంది. ఈడొచ్చిన పిల్ల అంటే మా అత్తయ్య సంబంధాలు మొదలెడుతుంది.

చేతివ్రాత:
ఎలప్రాయం? ఎలమావి, ఎలతేటి లాగా. అబ్బాయికీ అమ్మాయికీ ఇద్దరికీ పనికొస్తుంది.

గణవిభజన:
లేబ్రాయం ఇంకా నయం. ఎలలోంచి వచ్చిందే లే. లేతలో ఉన్నదీ అదే.

చేతివ్రాత:
ఎలే ముందుదైతే ఎలే ఉంచుకోవచ్చుగా?

గణవిభజన:
ఇప్పటి పిల్లలకి ఎల అంటే ఎలా అని అచ్చుతప్పు అనుకుంటారు.

తెల్లకాగితం:
అమ్మాయికి మాట కుదరలేదు, సీను మాత్రం రాత్రి కుదిరింది. చూడండి:

"సప్తశతి..." అని వాడు ఆగాడు. మాస్టారి కళ్ళజోడు పుస్తకం మీదే ఉంది. పక్క వరసలోంచి ఆ పిల్ల చప్పుడు చెయ్యకుండా పెదవులు గుండ్రంగా చుట్టి చూపించింది. నొ అయినా ను అయినా పెదవులు గుండ్రంగానే చుట్టుకుంటాయని వాడికి అప్పుడే తెలిసింది.

ఊరపిచ్చుక:
అక్కా, ఇది చాలు. ఇక ఎవరూ ఏమీ అనకండి.

గణవిభజన:
ఒక్క మాట. "ను"కి పెదవులు ఇంకా దగ్గరికి వస్తాయి, "నొ"కి కాస్త తెరుచుకుంటాయి. ఇప్పుడే అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. కుర్రాడు సరిగ్గా చూడలేదు.

చేతివ్రాత:
పెదవులు చూశాడు మాస్టారూ, అక్షరం చూడలేదు.

అరసున్న:
నొడివితి.