బరువు తగ్గాల్సిన ల్యాబ్రడార్‌కి మామిడిపండు పెట్టొచ్చా?

మాది విజయవాడ, పటమట. మా చిన్నూ ల్యాబ్రడార్, నాలుగేళ్లు, 40 కిలోలు ఉన్నాడు. బరువు తగ్గించమని డాక్టర్ గారు చెప్పారని బిస్కెట్లు మానేసి రోజూ సాయంత్రం నాలుగైదు పుచ్చకాయ ముక్కలు, గింజలు తీసి, పెడుతున్నాను, ఈ ఎండల్లో వాడికి అవంటే ప్రాణం. ద్రాక్ష, కిస్‌మిస్ మాత్రం ఒక్కటి కూడా పెట్టం, కిడ్నీలు పాడవుతాయి కదా. చిరుతిళ్లన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటనివ్వడం లేదు.

ఇప్పుడు నూజివీడు రసాలు వచ్చేశాయి. మొన్న అమ్మ తిని పక్కన పెట్టిన టెంకని వాడు నోట కరుచుకున్నాడు, అది మింగితే పేగులో అడ్డుపడుతుందని భయమేసి దవడలు పట్టుకుని లాగేశాను, ఆ టెన్షన్ ఇంకా పోలేదు. టెంక, తొక్క తీసేసి ఉత్త గుజ్జు పెడితే ఆ తీపి వాడి బరువుకి ఇబ్బందా? మీరైతే ఎంత పెడుతున్నారు, రోజూనా, వారానికోసారా? జామపండు పెట్టేవాళ్లు గింజలు తీసేస్తున్నారా? పెట్టాక విరేచనాలేమైనా అయ్యాయా?

ల్యాబ్‌లని పెంచుతున్నవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్, అమ్మ వాడి మొహం చూసి రోజూ కరిగిపోతోంది, నేనేమో వద్దని అడ్డుపడుతున్నాను.