ఆమోసు 5:21: దేవునికి పండుగలంటేనే అసహ్యమా?

ప్రశ్న:
బైబిల్లో ప్రవక్త ఆమోసు గ్రంథం 5వ అధ్యాయం చదివినప్పటి నుంచి ఒక డౌట్ తొలిచేస్తోంది. మీ పండుగలు నాకు అసహ్యం, మీ పాటల ధ్వని నా దగ్గర నుంచి తీసేయండి అని దేవుడే అంటున్నాడు. మరి ఆ పండుగలు, బలులు మోషే ద్వారా ఆజ్ఞాపించింది ఆయనే కదా? యెషయా 1, మీకా 6 కూడా ఇదే వరస. ప్రవక్తలు ఆరాధనే వద్దన్నారా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
వద్దనలేదు బ్రదర్. ఆమోసు 2:8 కూడా కలిపి చదవండి. తాకట్టు పట్టిన బట్టలు పరుచుకుని బలిపీఠాల పక్కనే పడుకుంటున్నారని ఉంటుంది. నిర్గమకాండం 22 ప్రకారం పేదవాడి పైబట్ట తాకట్టు పట్టినా పొద్దు గుంకేలోపు తిరిగిచ్చేయాలి, రాత్రికి కప్పుకోడానికి వాడికున్నది అదొక్కటే కాబట్టి. అంటే బట్ట సొంతదారు చలికి వణుకుతుంటే అప్పిచ్చినవాడు అదే బట్ట మీద దేవుని సన్నిధిలో హాయిగా ఉన్నాడు. వాళ్లు తాగే ద్రాక్షారసం కూడా జుర్మానాల సొమ్మే. దోచుకున్నది తెచ్చి ఆరాధన చేస్తుంటే ఆయన ఎలా ఒప్పుకుంటాడు?

8:5-6 ఇంకా ఘోరం. ధాన్యం వ్యాపారులు విశ్రాంతి దినం పాటిస్తున్నారు, కాదనలేం. కానీ ఆ రోజు ఎప్పుడు గడుస్తుందా, కొలపాత్ర చిన్నది చేసి, వెండి తూచే రాయి బరువు పెంచి, తాలు గింజలు కూడా ఎప్పుడు అంటగడదామా అనే ధ్యాసే.

మరో జవాబు:
పైన చెప్పింది కరెక్ట్. ఈ మాటలకు మండిపడింది ఎవరో కూడా చూడండి, 7వ అధ్యాయంలో ఉంటుంది, ఉత్తర రాజ్యంలోని బేతేలు యాజకుడు అమజ్యా. ఆమోసు చెప్పింది అబద్ధం అని ఒక్క ముక్క అనడు. ఇది రాజుగారి పరిశుద్ధ స్థలం, నువ్వు యూదాకు పారిపోయి అక్కడ బతుకు అంటాడు, అంతే. రెండవ యరొబాము కాలం, క్రీ.పూ. 8వ శతాబ్దం, ఉత్తర రాజ్యంలో పెద్దలు దంతపు మంచాల మీద పడుకునే రోజులు. యాజకుడు రాజు పక్షాన నిలబడ్డాడు, పేదవాడి పక్షాన మాట్లాడటానికి యూదాలోని తెకోవ నుంచి మేడిపండ్లు ఏరుకునే పసులకాపరి ఆమోసు రావాల్సి వచ్చింది. నాకు ఆ అధ్యాయం చదివినప్పుడల్లా కడుపు రగిలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండి, 2:8 ఎన్నిసార్లు చదివినా ఇలా తట్టలేదు. మరి దేవునికి ఏం కావాలో సూటిగా ఎక్కడైనా ఉందా?

జవాబు:
యిర్మీయా 22:13-17 చూడండి. యూదా రాజు యెహోయాకీము పనివాళ్లకు కూలి ఎగ్గొట్టి, దేవదారు పలకలతో పెద్ద మేడ కట్టించుకుంటున్నాడు. మీ నాన్న యోషీయా కూడా తిన్నాడు, తాగాడు, కానీ దీనులకు, దరిద్రులకు న్యాయం చేశాడు, నన్ను తెలుసుకోవడం అంటే అదే కదా అని యెహోవా అడుగుతాడు. తర్వాత యెషయా 58 కూడా చదవండి, అక్కడ ఉపవాసం ఉన్న రోజునే పనివాళ్ల చేత కఠినంగా పని చేయిస్తుంటారు.