ఇనుప పెనం మీద దోసె ఊడి రావడం లేదు, ఏం చేయాలి?

కూకట్‌పల్లి కోడలు:
అందరికీ నమస్కారమండీ. నాన్‌స్టిక్ పెనం పూత లేచిపోతోందని దాన్ని పక్కన పెట్టేసి మొన్న పోత ఇనుప పెనం కొన్నాను. షాపతను "సీజనింగ్, అదే నూనె పట్టించి కాల్చడం, అయిపోయిందమ్మా, ఇంటికెళ్ళి దోసెలు పోసుకోవడమే" అన్నాడు. పోశాను. మొదటిది గరిటెతో పాటే ముద్దగా లేచి వచ్చింది. రెండోదానికి అంచులు లేచాయి కానీ మధ్యలో కరుచుకుపోయింది. అట్లకాడతో గీకేసరికి ఉప్మా అయి కూర్చుంది. స్టీల్ పీచుతో గట్టిగా తోమి స్టాండులో పెట్టాను. తెల్లారి చూస్తే అక్కడక్కడా ఎర్రగా తుప్పు! తప్పు పెనానిదా, పిండిదా? తిరిగి ఇచ్చేయమంటారా? మాది గ్యాస్ స్టవ్.

తెనాలి పెద్దమ్మ:
ఇచ్చేయకమ్మా. పెనం బంగారంలా ఉంటుంది, దానికింకా వాడకం పడలేదంతే. షాపువాళ్ళు చేసిన సీజనింగ్ పేరుకే ఉంటుంది. కొన్ని పెనాలకైతే తుప్పు పట్టకుండా పూసిన నూనె, మైనం లాంటిది కూడా ఉంటుంది. అది పోవాలి ముందు.

ఇలా చెయ్యి. గుప్పెడు కల్లుప్పు పెనంలో వేసి, నాలుగు చుక్కల నూనె పోసి, కొబ్బరిపీచుతో గుండ్రంగా రుద్దు. తుప్పు ఎర్రగా ఉప్పుకి అంటుకుని వచ్చేస్తుంది. వేణ్నీళ్ళతో, సబ్బుతో ఒక్కసారి కడిగి, వెంటనే స్టవ్ మీద పెట్టి తడి పూర్తిగా ఆరనీ. ఇనుము తనంతట తాను ఆరుతుందిలే అని వదిలేస్తే మళ్ళీ తుప్పే. చేత్తో ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది కానీ గరుకు గుంటల్లో తడి దాక్కుని ఉంటుంది. కాస్త ఆవిరి లేచి ఆగేదాకా మంట మీదే ఉంచు.

పెనం గోరువెచ్చగా ఉండగా చెంచాడు నూనె వేసి, పాత నూలుగుడ్డతో పైనా కిందా, పిడికి కూడా పట్టించు. ఆ తరువాత ఇంకో పొడిగుడ్డ తీసుకుని, వేసిన నూనెంతా తుడిచేస్తున్నట్టు తుడువు. చాలామంది ఇక్కడే చెడగొడతారు. నూనె మెరుస్తూ కనిపించిందంటే ఎక్కువైనట్టే. ఇప్పుడు మంట మధ్యస్థంగా పెట్టి పొగ వచ్చేదాకా కాల్చు, పొగ తగ్గాక ఆపు, చల్లారనీ. ఇదంతా మూడు నాలుగు సార్లు చెయ్యి. కిటికీలు తీసి పెట్టుకో, పొగ బాగానే వస్తుంది.

మా అత్తగారు కొత్త పెనం తెస్తే ముందు బియ్యం కడిగిన నీళ్ళు పోసి నానబెట్టేవారు. రోజూ నీళ్ళు మార్చి తోమేవారు. ఆ పద్ధతీ మంచిదే. ఇనుప రజను, మడ్డి వాసన పోతాయి. కానీ ఆ తరువాత నూనె పట్టించి కాల్చాల్సిందే.

కెమిస్ట్రీ మాస్టారు:
పెద్దమ్మ గారు చెప్పిన "తుడిచేస్తున్నట్టు తుడువు" అన్న మాటకి కారణం చెబుతాను. నూనె బాగా వేడెక్కినప్పుడు గాలిలో ఆక్సిజన్‌తో కలిసి, అణువులు ఒకదానికొకటి అల్లుకుని గట్టి పొరగా మారుతుంది. దాన్నే పాలిమర్ అంటాం. దోసె జారేది ఆ పొర మీదే. పొర పలుచగా ఉంటే గట్టిగా ఇనుముకి పట్టుకుంటుంది. నూనె ఎక్కువ వేస్తే పైన మాత్రం గట్టిపడి లోపల జిగటగా మిగులుతుంది. చేత్తో తాకితే బంకగా తగిలే పెనాలు అవే. అలా అయితే మళ్ళీ తోమి మొదటికి రావాలి.

నూనె ఏదైనా పరవాలేదు. పొద్దుతిరుగుడు, తవుడు నూనె, వేరుశనగ, ఇంట్లో ఏది ఉంటే అది. అవిసె నూనెతో గట్టి పొర వస్తుందని వీడియోల్లో చెబుతారు. వస్తుంది, కానీ పెచ్చులుగా లేస్తుందని చాలామంది ఫిర్యాదు. దానికోసం ప్రత్యేకంగా కొనక్కర్లేదు.

ఇంకో మాట. సబ్బు తగిలితే సీజనింగ్ పోతుందని భయపడతారు. పాతకాలపు సబ్బుల్లో క్షారం ఎక్కువ కాబట్టి ఆ భయం పుట్టింది. ఇప్పటి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి మెత్తని స్పాంజితో కడిగితే గట్టిపడిన పొరకి ఏమీ కాదు. నానబెట్టడం, స్టీల్ పీచు, డిష్‌వాషర్, ఈ మూడూ వద్దు.

తెనాలి పెద్దమ్మ:
మాస్టారూ, మీ కెమిస్ట్రీ మీది. సీజనింగ్ అయ్యాక నా పెనానికి మాత్రం సబ్బు చూపించను. అడుగంటితే కాస్త నీళ్ళు పోసి మరిగించి, అట్లకాడతో నెడితే అదే ఊడొస్తుంది.

కూకట్‌పల్లి కోడలు:
పెద్దమ్మా, మాస్టారూ, ధన్యవాదాలు. తుప్పు పోయింది, పెనం నల్లగా తేలింది. ఇప్పుడు వెంటనే దోసె పోసేయొచ్చా?

మెయిన్‌రోడ్డు టిఫిన్ సెంటర్:
ఆగమ్మా, పలుచటి దోసెతో మొదలుపెట్టకు. ముందు ఉల్లిపాయలు ఎక్కువ నూనెలో వేయించు. తరువాత మందంగా ఊతప్పాలు పోసుకో, నూనెకి మొహమాటపడకు. ఆ తరువాత దోసె. ఆమ్లెట్ అన్నిటికన్నా ఆఖర్న, గుడ్డు మహా మొండిది.

సీజనింగ్ ఎంత బాగున్నా వేడి తెలియకపోతే దోసె రాదు. నీళ్ళు చిలకరించి చూడు. చుక్క పెనం మీద కూర్చుని నెమ్మదిగా బుడగలు వస్తే ఇంకా కాగలేదు, ఇప్పుడు పోస్తే కరుచుకుంటుంది. చుయ్యిమని చిట్లి వెంటనే ఆవిరైతే సరైన కాక. చుక్కలు ముత్యాల్లా అటూ ఇటూ దొర్లుతుంటే పెనం మరీ కాలిపోయింది. అప్పుడు పోస్తే పిండి పడ్డచోటే ఉడికిపోయి, తిప్పబోతే గరిటెకి చుట్టుకుని లేచి వస్తుంది. నీ మొదటి దోసెకి జరిగింది అదే.

మేం దోసెకీ దోసెకీ మధ్య నీళ్ళు చల్లి చీపురుతో ఊడ్చేది అందుకే. కాక దిగుతుంది, మాడిన తునకలు పోతాయి. మాది మందపాటి ఉక్కు పలక కాబట్టి తట్టుకుంటుంది. ఇంట్లో పోత ఇనుము మీద చెంబుతో చన్నీళ్ళు గుమ్మరిస్తే పగిలే ప్రమాదం ఉంది, చిలకరింపు చాలు. ఆ తరువాత సగం కోసిన ఉల్లిపాయని ఫోర్కుకి గుచ్చి, నూనెలో అద్ది రుద్దు. ఉల్లిపాయ లేకపోతే వంకాయ తొడిమ ముక్క. మంట తగ్గించి పిండి పోయాలి, తిప్పడం అయ్యాక పెంచాలి. అంచు ఎర్రబడి దానంతట అది లేచేదాకా అట్లకాడ పెట్టొద్దు. తొందరపడి గీకితే చిరుగుతుంది.

చపాతీలకి మాత్రం వేరే పెనం పెట్టుకో. పొడిపిండి రాలి మాడి పెనం గరుకెక్కుతుంది. మర్నాడు దోసె అంటుకుంటుంది.

ఎడిసన్ అమ్మాయి:
ఇక్కడ అమెరికాలో స్టవ్ మీద పొగ పెడితే ఫైర్ అలారం కూస్తుంది కాబట్టి మేం ఓవెన్‌లో చేస్తాం. నూనె పట్టించి తుడిచిన పెనాన్ని బోర్లించి, కింది అరలో ఫాయిల్ పరిచి, 450 ఫారన్‌హీట్, అంటే సుమారు 230 సెల్సియస్‌లో గంటసేపు. ఓవెన్ ఆపి లోపలే చల్లారనివ్వాలి. పెనానికి చెక్క పిడి, ప్లాస్టిక్ పిడి ఉంటే ఇది చేయకండి.

ఇండక్షన్, ఎలక్ట్రిక్ స్టవ్వుల వాళ్ళు ఒక్కసారిగా హైలో పెట్టకండి. నడుమ కాలి అంచులు చల్లగా ఉంటాయి, పెనం వంకర పోవచ్చు, బీటలూ రావచ్చు. తక్కువలో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. గాజు స్టవ్ మీద పెనాన్ని ఈడ్చొద్దు, గీతలు పడతాయి.

నాదొక డౌటు. చలికాలం పిండి పులవదు. ఎవరైనా చెప్పండి.

తెనాలి పెద్దమ్మ:
పిండి పులవడానికి ముప్పై డిగ్రీల చుట్టుపక్కల వెచ్చదనం కావాలి తల్లీ. మీ ఓవెన్‌లో లైటు మాత్రం వేసి, ఓవెన్ ఆన్ చేయకుండా రాత్రంతా పెట్టు. తలుపు మీద "పిండి ఉంది" అని కాగితం అంటించు, లేకపోతే మీవారు పొద్దున్నే పిజ్జాకని ఓవెన్ వెలిగిస్తారు. పులిసేదాకా ఉప్పు వేయకు, చలిలో ఉప్పు పులుపుని ఇంకా వెనక్కి లాగుతుంది. రుబ్బేటప్పుడు ఒక గ్లాసు మినప్పప్పుకి మూడు గ్లాసుల బియ్యం, అర చెంచా మెంతులు, గుప్పెడు అటుకులు. మిక్సీలో అయితే చన్నీళ్ళు పోసి ఆపి ఆపి తిప్పు, పిండి వేడెక్కకూడదు.

కూకట్‌పల్లి కోడలా, నీకూ ఒక మాట. ఫ్రిజ్‌లోంచి తీసిన పిండిని అలాగే పోశావా? చల్లటి పిండి పడగానే పెనం కాక పడిపోతుంది. కనీసం అరగంట ముందు బయట పెట్టు, ఆ పూటకి కావలసినంతే వేరే గిన్నెలోకి తీసుకుని ఉప్పు కలుపుకో. మినప్పప్పు మరీ ఎక్కువైనా పిండి జిగురుగా ఉండి గరిటె తిరగదు.

సూర్యాపేట సారు:
ఇదే ఇనుప మూకుడులో చేపల పులుసు పెట్టొచ్చా? ఇనుము ఒంటికి మంచిదంటరు గదా.

కెమిస్ట్రీ మాస్టారు:
సారూ, వద్దు. చింతపండు, టమాటా, నిమ్మరసం, మజ్జిగ ఇవన్నీ పుల్లటివి. సీజనింగ్ పొరని తినేస్తాయి, కూరకి ఇనుప రుచి వస్తుంది, రంగు నల్లబడుతుంది. ఇనుప పాత్రలో వండితే కూరలోకి కాస్త ఇనుము చేరడం నిజమే, పులుపు ఉంటే ఇంకా ఎక్కువ చేరుతుంది. కానీ దానికోసం పులుసుని పాడుచేసుకోనక్కర్లేదు. పులుసుకి మట్టికుండ, స్టీలు, రాచ్చిప్ప. ఇత్తడి అయితే లోపల కళాయి చెడకుండా ఉండాలి, లేకపోతే పులుపుకి రాగి, జింకు కరిగి కూరలోకి వస్తాయి. కళాయి అంటే తగరం. అది 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఖాళీ ఇత్తడి గిన్నెని పొయ్యి మీద వదలకండి. ఇనుప మూకుడుని వేపుళ్ళకి, తాలింపుకి ఉంచుకోండి. బెండకాయ, వంకాయ మాత్రం అందులో నల్లబడతాయి. తినడానికి ఇబ్బంది లేదు, చూడటానికే బాగోదు.

కూకట్‌పల్లి కోడలు:
ఇవాళ నాలుగు ఊతప్పాలు, రెండు దోసెలు ఊడి వచ్చాయి! దోసెలు ఇంకా పేపర్ దోసెలు కావు, అయినా చాలు. మీ అందరికీ దండాలు. ఇక్కడే ఇంకో టెన్షన్ చెప్పుకోనా? మా అత్తగారు ఊరి నుంచి పది కిలోల కందిపప్పు, అయిదు కిలోల మినప్పప్పు పంపారు. పోయినసారి వానాకాలంలో డబ్బా తెరిస్తే పురుగు. ఎవరో బోరిక్ పౌడర్ కలపమన్నారు.

తెనాలి పెద్దమ్మ:
బోరిక్ పౌడర్ జోలికి పోకు. క్యారమ్ బోర్డు మీద చల్లుకునేది అది, తిండి గింజలకి కాదు. ఎంత కడిగినా పోయిందని ఎలా అనుకుంటాం? ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ ప్రమాదం. కలరా ఉండలు కూడా డబ్బాలో వద్దు.

పురుగు ఎక్కడి నుంచో ఎగిరి రాదు, చాలావరకు గుడ్లుగా పప్పుతో పాటే వస్తుంది. తడి, వెచ్చదనం దొరికాక పొదుగుతుంది. అందుకని పప్పు రాగానే ఎర్రటి ఎండలో పలుచగా పరిచి రెండు రోజులు ఎండబెట్టు. నీడకి తెచ్చి పూర్తిగా చల్లారాక డబ్బాలో పోయి. వేడి మీద మూత పెడితే లోపల చెమట పట్టి అసలుకే మోసం. అపార్ట్‌మెంట్‌లో ఎండ రాదంటావా, రెండేసి కిలోలు కవర్లలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో నాలుగైదు రోజులుంచు, గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక కవరు విప్పకుండా మామూలు వేడికి రానీ, లేకపోతే చల్లటి పప్పుకి గాలిలో తేమ పడుతుంది.

నెలకి సరిపడా వంటింటి డబ్బాలో ఉంచుకుని, మిగతా కందిపప్పుకి ఆముదం పట్టించు. కిలోకి ఒక చెంచా. చేతులకి రాసుకుని పప్పుని రెండు చేతుల మధ్య నలుపుతూ కలిపితే గింజ గింజకీ పడుతుంది. ఆ నూనె పొర ఉంటే గింజ మీద పెట్టిన గుడ్డు బతకదు. నీడన ఎండిన వేపాకు వేసుకుంటే వేసుకో, పచ్చి ఆకు వేయకు, దాని తడితో బూజు వస్తుంది. బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ మాత్రం తెచ్చిన రోజే దోరగా వేయించి చల్లార్చి పోసుకో, అదే సగం ఉప్మా పని కూడా.

సూర్యాపేట సారు:
మా అమ్మ గూడ ఆముదమే రాస్తది. బియ్యానికి మాత్రం రాయదు, మిరపకాయలు ఏస్తది.

కూకట్‌పల్లి కోడలు:
పప్పు వండితే ఆముదం వాసన రాదా పెద్దమ్మా? మావారికి ఆ వాసనంటే పడదు.

తెనాలి పెద్దమ్మ:
రాదమ్మా. వండేముందు గోరువెచ్చటి నీళ్ళలో రెండుసార్లు చేత్తో పిసికి కడుగు, మూడోసారి మామూలు నీళ్ళు. నీళ్ళ మీద జిడ్డు తేలడం ఆగిందంటే అయిపోయినట్టే. ముందు కాస్త పప్పుకి రాసి వండి పెట్టు. ఆయన కనిపెట్టకపోతే మిగతాదానికి రాయి.